జిల్లా న్యాయవ్యవస్థ: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కింది కోర్టుల నిర్మాణం, నిర్వహణ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో హైకోర్టు దిగువన, జిల్లా కేంద్రం మొదలుకొని చిన్న పట్టణాల దాకా పనిచేసే సివిల్, క్రిమినల్ కోర్టులన్నిటినీ కలిపి జిల్లా న్యాయవ్యవస్థ అంటారు. వాడుకలో ఇవి కింది కోర్టులు. రాజ్యాంగం ఆరో భాగంలోని 233 నుంచి 237 వరకు గల అధికరణాలు వీటికి ఆధారం. ప్రామిసరీ నోటు బాకీ, గట్టు తగాదా, భాగ పంపకం, మనోవర్తి, చెక్కు బౌన్సు, దొంగతనం, హత్య వంటి వ్యవహారాలు ఇక్కడే మొదలవుతాయి. వాటిలో అధికభాగం ఇక్కడే ముగుస్తాయి కూడా. సాక్షిని ఎదురుగా నిలబెట్టి, అతని మాట విని నిజానిజాలు తేల్చేవి ఈ కోర్టులే. పై కోర్టులు చదివేది ఇక్కడ తయారైన రికార్డునే. అందుచేత ఈ వ్యవస్థ బాగోగులు జడ్జి ప్రతిభ మీద ఎంత ఆధారపడతాయో, కార్యాలయ నిర్వహణ, సిబ్బంది, పరిపాలనా స్వాతంత్ర్యాల మీదా అంతే ఆధారపడతాయి.

చరిత్ర

నేటి నిర్మాణానికి రెండు మూలాలున్నాయి. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చాయి. అక్కడ 1802 నాటి రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి. దూరంలో ఉన్న జిల్లా కోర్టు రైతుకు అందుబాటులో లేదని గమనించిన థామస్ మన్రో సిఫారసులతో 1816లో గ్రామ మునసబులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చారు. వారిపైన జిల్లా మునసబులను నియమించారు. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం జిల్లా జడ్జి, సబార్డినేట్ జడ్జి, జిల్లా మునసబు అనే మూడంచెలను స్థిరపరిచింది. కోస్తా పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘మునసబు కోర్టు’, ‘సబ్‌కోర్టు’ అనడానికి కారణం ఇదే.

తెలంగాణ నిజాం రాజ్యం నుంచి వచ్చింది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో న్యాయశాఖ ఒక రూపు దాల్చింది. 1920ల తొలినాళ్ళలోనే ఏడో నిజాం న్యాయవిభాగాన్ని కార్యనిర్వాహక వర్గం నుంచి వేరు చేశారు. బ్రిటిష్ ఇండియాలో కలెక్టరే మేజిస్ట్రేటుగా కొనసాగుతున్న రోజుల్లో జరిగిన మార్పు ఇది. ఉర్దూ కోర్టు భాషగా ఉండడంతో వకాల్తా, నాజరు, అమీను, దఫేదారు, జప్తు వంటి మాటలు అక్కడ మరింత వేళ్ళూనుకున్నాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు ప్రారంభమైంది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. రెండు ప్రాంతాల సివిల్ కోర్టులు మాత్రం మరికొంత కాలం వేర్వేరు చట్టాల కిందే నడిచాయి. వాటిని ఒక గొడుగు కిందికి తెచ్చింది 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం. తర్వాతి సవరణలతో రెండు రాష్ట్రాలలోనూ నేటికీ అదే ఆధారం. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, హైదరాబాదులో తెలంగాణ హైకోర్టు విడివిడిగా పనిచేస్తున్నాయి. కింది కోర్టుల అధికారులు, సిబ్బంది కూడా ఆ మేరకు పంపకమయ్యారు.

న్యాయ జిల్లా, రెవెన్యూ జిల్లా ఒకటే కానక్కరలేదు. తెలంగాణలో 2016లోనే కొత్త రెవెన్యూ జిల్లాలు వచ్చినా వాటికి తగిన న్యాయ జిల్లాలు 2022 జూన్‌లో గాని మొదలు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో రెవెన్యూ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు న్యాయ జిల్లాలు వెంటనే మారలేదు. కలెక్టరు కార్యాలయం ఒక ఊళ్ళో, జిల్లా కోర్టు మరో ఊళ్ళో ఉండే పరిస్థితి ఇలా ఏర్పడుతుంది.

సివిల్ కోర్టుల అంచెలు

అట్టడుగున జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, దానిపైన సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆపైన జిల్లా కోర్టు ఉంటాయి. ఏ దావా ఎక్కడ వేయాలో వివాదాస్పద ఆస్తి లేదా బాకీ విలువను బట్టి నిర్ణయమవుతుంది. ఈ పరిమితులను శాసనసభలు అప్పుడప్పుడు పెంచుతుంటాయి. భూముల ధరలు పెరిగినా పరిమితి పెరగకపోతే ప్రతి స్థలం తగాదా పై కోర్టు గుమ్మంలోనే పోగుపడుతుంది. కాబట్టి చూడడానికి సాంకేతికంగా కనిపించే ఈ సవరణ నిజానికి పనిభారాన్ని పంచే ప్రధాన సాధనం.

జూనియర్ సివిల్ జడ్జి తీర్పుపై అప్పీలు జిల్లా కోర్టుకు వెళుతుంది. జిల్లా జడ్జి దాన్ని సీనియర్ సివిల్ జడ్జికి అప్పగించవచ్చు. నిర్ణీత విలువ దాటిన దావాల్లో మొదటి అప్పీలే హైకోర్టుకు పోతుంది. హైదరాబాదు నగరానికి ఏర్పాటు వేరు. అక్కడ సిటీ సివిల్ కోర్టు ఉంది, దాని అధిపతిని చీఫ్ జడ్జి అంటారు.

క్రిమినల్ కోర్టులు

1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దేశమంతటా జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను హైకోర్టు అధీనంలోకి తెచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలవుతోంది. సెషన్స్ కోర్టు, ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్, సెకండ్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ అనేవి ఇందులోని అంచెలు. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడలలో ఉన్న మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ల తరగతి కొత్త చట్టంలో లేదు. అసిస్టెంట్ సెషన్స్ జడ్జి హోదా కూడా తొలగిపోయింది.

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా వేసే వీలు కొత్తగా వచ్చింది. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఏడేళ్ళ దాకా జైలు శిక్ష వేయవచ్చు. సెషన్స్ జడ్జికి చట్టంలో ఉన్న ఏ శిక్షనైనా విధించే అధికారం ఉంది. మరణశిక్షకు మాత్రం హైకోర్టు ధ్రువీకరణ తప్పనిసరి. హత్య వంటి కేసు నేరుగా సెషన్స్ కోర్టుకు పోదు. పోలీసుల ఛార్జిషీటు ముందు మేజిస్ట్రేటు కోర్టులో పి.ఆర్.సి. నంబరుతో నమోదై, ముద్దాయికి కాగితాల నకళ్ళు ఇచ్చాక సెషన్స్‌కు కమిట్ అవుతుంది. అక్కడ దానికి ఎస్.సి. నంబరు పడుతుంది. మేజిస్ట్రేటే విచారించే కేసుకు సి.సి. నంబరు ఉంటుంది.

చిన్న పట్టణాలలో జూనియర్ సివిల్ జడ్జి, మేజిస్ట్రేట్ ఒకే వ్యక్తి. పొద్దున పొలం హద్దు కేసులో సాక్ష్యం నమోదు చేసిన అధికారే సాయంత్రం రిమాండు ఉత్తర్వు ఇస్తారు. అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలన్న రాజ్యాంగ నియమం సెలవు రోజుల్లోనూ వర్తిస్తుంది గనుక ఆదివారం ఇంటి దగ్గర కూడా రిమాండు పని నడుస్తుంది. కాలిన గాయాలతో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే మరణ వాంగ్మూలం నమోదుకు అర్ధరాత్రి కబురు వస్తుంది. కేసుల లెక్కల పట్టికల్లో ఈ పనికి తగిన చోటు దొరకదు.

జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లనూ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లనూ జనం తరచుగా కలగలుపుతారు. ఎన్నికల ముందు బైండోవర్ చేసే తహసీల్దారు, నిషేధాజ్ఞలు జారీచేసే కలెక్టరు రెవెన్యూ అధికారులు. వారు జిల్లా న్యాయవ్యవస్థలో భాగం కారు.

ప్రత్యేక కోర్టులు

సాధారణ కోర్టులతోపాటు ఆయా చట్టాల కింద ప్రత్యేక కోర్టులు పనిచేస్తాయి. 1984 చట్టంతో ఫ్యామిలీ కోర్టులు, 1989 చట్టంతో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల కేసుల కోర్టులు, 2012 చట్టంతో పోక్సో కోర్టులు వచ్చాయి. అవినీతి కేసులకు ఏసీబీ, సీబీఐ కోర్టులున్నాయి. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ బాధ్యతను సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి అధికారే చూస్తారు. బాలలు నిందితులైన కేసులను మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. చాలాచోట్ల ‘ప్రత్యేక కోర్టు’ అంటే కొత్త భవనం, కొత్త జడ్జి కాదు. ఉన్న అదనపు జిల్లా జడ్జికే మరో పేరుపలక తగిలిస్తారు. చట్టం చేసినప్పుడు ఇచ్చిన వేగం హామీ నెరవేరకపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఏజెన్సీ ప్రాంతాల చరిత్ర వేరు. ఘుమ్సర్ తిరుగుబాటు తర్వాత 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం మన్యాలను సాధారణ కోర్టుల పరిధి నుంచి తప్పించి, ప్రభుత్వ ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. 1924 నాటి ఏజెన్సీ నిబంధనలు ఆ పద్ధతినే కొనసాగించి సివిల్ దావాలను రెవెన్యూ అధికారుల చేతిలో ఉంచాయి. గిరిజనుల భూమి చేతులు మారిన కేసులను 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ కింద ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్లు విచారిస్తారు. దీనికి 1970లో చేసిన సవరణే వాడుకలోని 1/70 చట్టం. మైదానంలో ఎప్పుడో జరిగిన న్యాయ, కార్యనిర్వాహక విభజన మన్యానికి ఆలస్యంగా, అదీ పాక్షికంగా చేరింది. ఆదివాసులకు జరిగిన నష్టాల్లో దీన్నీ లెక్కించాలి.

హైకోర్టు నియంత్రణ

ఈ వ్యవస్థకు వెన్నెముక 235వ అధికరణం. జిల్లా కోర్టులపైనా, వాటికి లోబడిన కోర్టులపైనా నియంత్రణ హైకోర్టుదేనని అది చెబుతుంది. జడ్జిల పోస్టింగులు, బదిలీలు, పదోన్నతులు, సెలవులు, క్రమశిక్షణ చర్యలు హైకోర్టు చేతిలో ఉంటాయి. నియామకపు ఉత్తర్వు, ఉద్యోగం నుంచి తొలగించే ఉత్తర్వు గవర్నరు పేర వెలువడతాయి గాని వాటి వెనుక హైకోర్టు నిర్ణయం ఉండాలి. ఈ అర్థం ఊరికే స్థిరపడలేదు. పశ్చిమ బెంగాల్‌కు చెందిన బాగ్చీ కేసులో 1965లో సుప్రీంకోర్టు ‘నియంత్రణ’లో క్రమశిక్షణ కూడా ఇమిడి ఉందని తేల్చింది. మరుసటి ఏడాది చంద్రమోహన్ కేసులో ఉత్తరప్రదేశ్ జిల్లా జడ్జిల ఎంపిక నిబంధనలను కొట్టేసింది. అప్పటికే పనిచేస్తున్నవారి నియామకాలను కాపాడడానికి పార్లమెంటు 20వ సవరణతో 233-ఎ అధికరణాన్ని చేర్చవలసి వచ్చింది. జిల్లా స్థాయిలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇంజంక్షన్ ఇచ్చే జడ్జి బదిలీ భయం లేకుండా ఇవ్వగలగడానికి ఈ తీర్పులే పునాది.

ఒక్కో జిల్లాను ఒక్కో హైకోర్టు న్యాయమూర్తికి అప్పగిస్తారు. వారిని పోర్ట్‌ఫోలియో జడ్జి, లేదా అడ్మినిస్ట్రేటివ్ జడ్జి అంటారు. తనిఖీలు చేయడం, వార్షిక పనితీరు నివేదికలు చూడడం వారి పని. కింది జడ్జి నెలకు ఎన్ని కేసులు పరిష్కరించారో యూనిట్లలో లెక్క కడతారు. లెక్క అవసరమే. అయితే నలభై మంది సాక్షులున్న పాత భాగ పంపకం దావాను ముట్టుకోవడం కన్నా తేలిక కేసులు ముగించడమే లాభమనిపించే ప్రమాదం అందులో ఉంది. మంచి తనిఖీ అధికారి అంకెతోపాటు పాత దావాల జాబితాను కూడా చూస్తారు.

నియామకాలు, శిక్షణ

జూనియర్ సివిల్ జడ్జి ఎంపికకు హైకోర్టు ప్రిలిమినరీ, మెయిన్స్ పరీక్షలు, ఇంటర్వ్యూ నిర్వహిస్తుంది. లా పట్టా పుచ్చుకోగానే పరీక్ష రాసే అవకాశం కొంతకాలం ఉండేది. 2025 మే 20న సుప్రీంకోర్టు కనీసం మూడేళ్ళ న్యాయవాద అనుభవాన్ని మళ్ళీ తప్పనిసరి చేసింది. జిల్లా జడ్జి పదవికి పదోన్నతి ఒక దారి, సర్వీసులోని సీనియర్ సివిల్ జడ్జిలకు జరిపే పరిమిత పోటీ పరీక్ష రెండోది, ఏడేళ్ళ అనుభవం గల న్యాయవాదుల నుంచి నేరుగా ఎంపిక మూడోది. కింది సర్వీసులోని జడ్జిలు కూడా వకీలుగా, జడ్జిగా గడిపిన కాలాన్ని కలిపి ఏడేళ్ళు చూపించి ఈ మూడో దారిలో పోటీపడవచ్చని రాజ్యాంగ ధర్మాసనం 2025 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఎంపికైనవారు న్యాయ అకాడమీలో శిక్షణ పొందుతారు. తెలంగాణ అకాడమీ సికింద్రాబాద్‌లో ఉంది.

జీతభత్యాలను 1996లో ఏర్పడిన జగన్నాథ శెట్టి కమిషన్ దేశమంతటికీ ఒక పద్ధతిలోకి తెచ్చింది. రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్‌కు తెలుగువారైన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి. వెంకటరామ రెడ్డి అధ్యక్షత వహించారు. జడ్జిల సంఖ్య మాత్రం మొండి సమస్యగానే మిగిలింది. పది లక్షల జనాభాకు 10.5 మంది జడ్జిలే ఉన్నారని, 50 మంది కావాలని లా కమిషన్ 1987లో తన 120వ నివేదికలో చెప్పింది. అయిదేళ్ళలో ఆ స్థాయికి చేరాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ లక్ష్యానికి దేశం ఇప్పటికీ చాలా దూరంలోనే ఉంది.

కోర్టు కార్యాలయం

జిల్లాలో అన్ని కోర్టుల పరిపాలనకు ప్రధాన జిల్లా, సెషన్స్ జడ్జి అధిపతి. కేసులను అదనపు జడ్జిలకు పంచడం, ఒకరు సెలవు పెడితే మరొకరికి ఇన్‌ఛార్జి ఇవ్వడం, కింది కోర్టులను తనిఖీ చేయడం, జైలు సందర్శించడం ఈ బాధ్యతల్లో కొన్ని. విచారణ ఖైదీల సమీక్ష కమిటీకి కూడా ఈ జడ్జే అధ్యక్షులు. కలెక్టరు, ఎస్పీ అందులో సభ్యులు.

బయటివారికి కోర్టు అంటే జడ్జి, వకీళ్ళు. లోపల దాన్ని నడిపేది సిబ్బంది. దావా దాఖలు కాగానే కోర్టు ఫీజు, వకాల్తా, కాలపరిమితి సరిచూసి లోపాలుంటే కాగితాలు తిప్పి పంపుతారు. సరిగా ఉంటే ఓ.ఎస్. నంబరు పడుతుంది. మధ్యంతర దరఖాస్తు ఐ.ఏ., అమలు దరఖాస్తు ఇ.పి. అవుతాయి. రోజు ఏ కేసు ఏ దశలో ఉండి ఎందుకు వాయిదా పడిందో ‘ఎ డైరీ’లో ఎక్కుతుంది. బెంచి క్లర్కు ఫైళ్ళు అందిస్తారు, స్టెనో వాంగ్మూలం టైపు చేస్తారు, అటెండరు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలుస్తారు. తీర్పు నకలు కావాలంటే కాపీయింగ్ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి. నకలు తయారీకి పట్టిన కాలాన్ని అప్పీలు గడువు నుంచి మినహాయిస్తారు.

వీరందరిలో తక్కువ గుర్తింపు పొందేది నజారత్ విభాగం. సమన్లు, నోటీసులు అందించే ప్రాసెస్ సర్వర్లు, జప్తు చేసి స్వాధీనం ఇప్పించే అమీన్లు నాజరు కింద పనిచేస్తారు. ప్రతివాది దొరకకపోతే తలుపుకు కాగితం అంటించి, సాక్షులతో సంతకం పెట్టించుకు రావాలి. వేలం ప్రకటనకు ఊళ్ళో టముకు వేయించాలి. సమన్లు అందిన 30 రోజుల్లో, జడ్జి అనుమతిస్తే 90 రోజుల్లో, ప్రతివాది జవాబు దావా వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటుంది. కానీ ఆ గడువు మొదలయ్యేదే సమన్లు అందిన రోజున. సమన్లు చేరడానికే నెలలు పట్టే చోట గడువులు ఎంత బిగించినా ఫలితం ఉండదు. వాయిదాల తప్పంతా వకీళ్ళదో జడ్జిదో అనుకోవడం సగం నిజమే. మిగతా సగం ఖాళీగా ఉన్న ప్రాసెస్ సర్వరు పోస్టులో ఉంది.

డిక్రీ అమలు ఇంకా కష్టం. డిక్రీ గెలిచినవాడికి అసలు కష్టాలు ఆ తర్వాతే మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ గుర్తించింది. డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్ళు. ఈలోగా ఆస్తి చేతులు మారుతుంది, వారసులు కొత్త అభ్యంతరాలతో వస్తారు. అమలు దరఖాస్తులను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది.

వేసవిలో సివిల్ కోర్టులకు సెలవులుంటాయి. క్రిమినల్ కోర్టులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. మేజిస్ట్రేటు కోర్టుల్లో ప్రభుత్వం తరఫున అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, సెషన్స్ కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, సివిల్ దావాల్లో ప్రభుత్వ ప్లీడర్లు హాజరవుతారు.

భాష, కంప్యూటరీకరణ, నిధులు

సాక్షి తెలుగులో చెబుతాడు. రికార్డు ఎక్కువగా ఇంగ్లీషులో తయారవుతుంది. జడ్జి అక్కడికక్కడే అనువదించి చెబితే స్టెనో టైపు చేస్తారు. తెలుగులో తీర్పులు రాసిన జడ్జిలు ఉన్నా వారు కొద్దిమందే. తన మాటే తన పేర ఎలా నమోదైందో కక్షిదారు చదువుకోలేని పరిస్థితి న్యాయస్థానానికి తగినది కాదు. హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో నడుస్తాయన్నది దీనికి చెప్పే కారణాలలో ఒకటి. కానీ కింది కోర్టు భాషను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది.

2007లో మొదలైన ఇ-కోర్టుల పథకం 2023లో మూడో దశకు చేరింది. దానికి 7,210 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది. దాంతో వాయిదా తేదీని ఫోనులోనే చూసుకోవచ్చు. ఒకప్పుడు ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి బస్సెక్కి పట్టణం రావలసి వచ్చేది.

జీతాలు, రోజువారీ ఖర్చులు రాష్ట్ర బడ్జెట్‌ నుంచి వస్తాయి. భవనాలకు 1993–94 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకం ఉంది. అందులో ఈ రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం. కొత్త కోర్టు మంజూరు, పోస్టుల భర్తీ, భవనం ఈ మూడింటికీ ఆర్థిక శాఖ సమ్మతి కావాలి. నియంత్రణ హైకోర్టుదైనా ఖజానా తాళం ప్రభుత్వం దగ్గర ఉండడం ఈ వ్యవస్థ స్వాతంత్ర్యానికి అసలైన హద్దు.

న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. జిల్లా సంస్థకు ప్రధాన జిల్లా జడ్జి అధ్యక్షులు. దాని దిగువన మండల న్యాయ సేవల కమిటీలున్నాయి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పొందడానికి అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. దరఖాస్తును జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయంలో ఇవ్వవచ్చు. జాతీయ సహాయ నంబరు 15100.